అప్‌డేట్: హాస్పిటల్ పార్కింగ్ నోటీసు రద్దయింది

ఇంగ్లండ్‌లో స్టాఫ్ పర్మిట్ ఉన్నా, డ్యూటీ రోజున ప్రైవేటు పార్కింగ్ కంపెనీ నాకు 100 పౌండ్లు కట్టమని నోటీసు పంపింది, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. అప్పీలులో రద్దు చేశారు.

గట్టిగా నిలబడింది తేదీల లెక్కే. కెమెరా ఫొటోతో పోస్టులో వచ్చే నోటీసు, పార్క్ చేసిన మర్నాటి నుంచి 14 రోజుల్లోపు కీపర్‌కి (అంటే వాహనం ఎవరి పేరున నమోదై ఉందో వాళ్లకి) అందాలి (2012 ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం, షెడ్యూల్ 4; స్కాట్లాండ్‌కి వర్తించదు). పోస్ట్ చేసిన రోజు తర్వాత రెండో పనిదినాన అందినట్టు లెక్కేస్తారు. ఆ గడువు దాటితే డ్రైవర్ ఎవరో తెలియకుండా కీపర్ దగ్గర ఆ చట్టం కింద వసూలు చేయలేరు. కాబట్టి అప్పీలులో "నేను పార్క్ చేశాను" అని దయచేసి రాయకండి. "ఈ వాహనం కీపర్‌ని" అంటే చాలు. పర్మిట్ కాపీ జత చేసేటప్పుడు దాని మీది కారు నంబరు చూసుకోండి, సున్నా బదులు 'ఓ' పడినా కెమెరా పోల్చుకోకపోవచ్చు.

కంపెనీ తిరస్కరిస్తే, పైన అప్పీలు వినే స్వతంత్ర సంస్థలు పోప్లా (POPLA), ఐఏఎస్ (IAS) ఉన్నాయి; పోప్లాకి వెళ్లడానికి 28 రోజులు, ఐఏఎస్ అయితే 21 రోజులే. ఈలోగా హాస్పిటల్ నడిపే ట్రస్టు పార్కింగ్ ఆఫీసుకీ ఈమెయిల్ పెట్టండి, రద్దు చేయమని వాళ్లు కంపెనీకి చెప్పగలరు. నోటీసుని పక్కన పడేయడం మాత్రం ప్రమాదం: 2017లో కార్డిఫ్ హాస్పిటల్ సిబ్బంది కోర్టులో ఓడిపోయారు.