సీజర్ 3: చక్రవర్తి అడిగిన సరుకు గడువు లోపల ఎట్ల పంపాల?

పెన్నఒడ్డు, కడప
అన్నలూ అక్కలూ, సీజర్ 3 (రోమన్ ఊరు కట్టే కంప్యూటర్ ఆట) బాగా తెలిసినోళ్ళు కాస్త చూడండి. చక్రవర్తి 20 బండ్ల కుండలు అడిగినాడు, గడువు ఇంకా 14 నెలలుంది. ఊర్లో 3 క్లే పిట్లు (మట్టి తవ్వే గుంతలు), 6 పాటరీ వర్క్‌షాప్‌లు (కుండలు చేసేవి), 2 వేర్‌హౌస్‌లు ఉన్నాయి. ఎంత చేసినా స్టాకు 5 బండ్లు దాటడం లేదు. ట్రేడ్ అడ్వైజర్‌లో స్టాక్‌పైల్ (సరుకు వాడనీయకుండా పోగుచేయడం) నొక్కితే సరుకు పెరుగుతుంది గానీ, కొన్ని నెలలకే ఇండ్లు ఒక మెట్టు దిగిపోయి పన్ను పడిపోతోంది. తీసేస్తే మార్కెట్ వాళ్ళు ఎత్తుకుపోతారు. దీంతోపాటు 20 బండ్ల గోధుమలు కూడా అడిగినాడు. రెండు గ్రానరీల్లో (తిండి నిలవ చేసే కొట్లు) కలిపి 3,000 పైన గోధుమలు ఉన్నా, పంపబోతే సరుకు చాలదంటుంది. ఆడేది జూలియస్‌లో (ఈ ఆటనే ఇప్పటి కంప్యూటర్లలో నడిపే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్), మ్యాప్ పాతదే. ఏం చేయాల?

బురుజుకింద, కర్నూలు
తమ్ముడూ, 3 పిట్లకు 6 వర్క్‌షాప్‌లంటే లెక్క సరిగ్గానే ఉంది, ఒక పిట్ రెండు వర్క్‌షాప్‌లకు మట్టి అందిస్తుంది. కాబట్టి కుండలు తయారవుతున్నాయి, నీ చేతిలో నిలవడం లేదు. ఎక్కడ కారిపోతున్నాయో వరసగా చూడు.

మొదట ఎఫ్5 నొక్కి ట్రేడ్ అడ్వైజర్ తెరువు. కుండల ఎగుమతి ఆన్‌లో ఉందా? ఉంటే పక్కనుండే అంకె చూడు. అంతకు మించిన సరుకే వ్యాపారికి అమ్మాలని దాని అర్థం. అది సున్నా అయితే బిడారు వచ్చిన ప్రతిసారీ వేర్‌హౌస్ ఊడ్చుకుపోతుంది. దాన్ని 25కు పెంచు. ఎగుమతి పూర్తిగా ఆపాల్సిన పని లేదు, 25 దాటిన తర్వాత మిగిలింది అమ్ముడుపోనీ.

రెండోది, రెండు వేర్‌హౌస్‌ల మీదా రైట్ క్లిక్ చేసి ఏ అరలో ఏముందో చూడు. ఒక్కో వేర్‌హౌస్‌కు 8 అరలు, అరకు 4 బండ్లు, మొత్తం 32. ఒక అరలో ఒకే రకం సరుకు పడుతుంది. ఆదోని యార్డులో పత్తి, వేరుశనగ ఒకే కుప్పలో పోయరు కదా, అట్ల. ఒక్క బండి మట్టి పడినా ఆ అర మొత్తం మట్టిదే. మట్టి, కట్టె, నూనె, ఇనుము తలా ఒక బండి చేరితే 4 అరలు పోయినట్టే. కుండలు 20 బండ్లు పట్టాలంటే 5 అరలు ఖాళీగా కావాల. అందుకే ఒక వేర్‌హౌస్‌లో స్పెషల్ ఆర్డర్స్ తెరిచి, కుండలు తప్ప మిగతావన్నీ తీసుకోవద్దని పెట్టు. అందులో ముందునుంచి ఉన్న సరుకు వాడుకకు పోయేకొద్దీ అరలు ఖాళీ అవుతాయి.

మూడోది, వర్క్‌షాప్ మీద రైట్ క్లిక్ చేస్తే పని ఎంత శాతం అయిందో, ఎంతమంది పనిచేస్తున్నారో కనపడుతుంది. 10 మంది ఉండాల. 5 మందే ఉంటే లేబర్ అడ్వైజర్‌లో పరిశ్రమలకు ప్రాధాన్యం పెంచు. పని 100 శాతం చూపిస్తూ అట్లే నిలబడిపోయి ఉంటే మాత్రం తప్పు మనుషులది కాదు, బండిది. బండివాడు దూరపు వేర్‌హౌస్‌కు పోయి తిరిగొచ్చేదాకా తయారైన సరుకు బయటికి రాదు, కొత్తది మొదలవదు. వర్క్‌షాప్‌ను ఆనుకొనే వేర్‌హౌస్ ఉంటే ఈ బాధ ఉండదు.

పెన్నఒడ్డు, కడప
ఎగుమతి 5 దగ్గర ఉందన్నా! స్టాకు 5 దాటకపోవడానికి కారణం అదే అయుంటుంది. 25 పెట్టినా. అరల్లో మూడు మట్టితో, రెండు కట్టెతో నిండి ఉన్నాయి. మరి మార్కెట్ సంగతి? స్టాక్‌పైల్ పెట్టాల్నా వద్దా?

చిత్రావతి, అనంతపురం
స్టాక్‌పైల్ జోలికి పోవద్దప్పా. అది నొక్కినావంటే మార్కెట్ ఆడవాళ్ళు వేర్‌హౌస్ నుంచి కుండలు తీసుకోలేరు. కుండలు అందకపోతే కాసాలు, ఇన్సులాలు (పై మెట్ల ఇండ్లు) నిలబడవు. ఇండ్లు దిగితే మనుషులు పోతారు, మనుషులు పోతే వర్క్‌షాప్‌లకు కూలీలు తక్కువవుతారు, కుండలు ఇంకా తగ్గుతాయి. ఆ గుంతలో పడితే లేవడం కష్టం.

దీనికి వేరే దోవ ఉంది. మార్కెట్ నుంచి 40 గళ్ళు, అంతకంటే ఎక్కువ దూరంలో ఉన్న వేర్‌హౌస్‌ను మార్కెట్ వాళ్ళు లెక్కలోకే తీసుకోరు. ఏ మార్కెట్‌కూ 40 గళ్ళ లోపల లేని చోటు చూసి, అక్కడ ఒక క్లే పిట్, రెండు పాటరీ వర్క్‌షాప్‌లు, ఒక వేర్‌హౌస్ కట్టు. వేర్‌హౌస్ కుండలు మాత్రమే తీసుకోవాల. పనివాళ్ళు దొరకాలంటే దగ్గర్లో నాలుగైదు గుడారాలు వేయి. ప్రిఫెక్ట్ ఒకటి, ఇంజినీర్ పోస్టు ఒకటి మరచిపోవద్దు, లేకపోతే కాలిపోతుంది, కూలిపోతుంది. ఊరి రోడ్డుకు కలిపి ఉంచు. ఇక్కడి కుండలు దగ్గర్లోని వేర్‌హౌస్‌కే పోతాయి, వాటిని ఊర్లో ఎవరూ ముట్టుకోరు. చక్రవర్తి ఖాతా అంతా అక్కడే.

బురుజుకింద, కర్నూలు
చిత్రావతి చెప్పింది నిజమే, కానీ ఈ తమ్ముడికి ఉన్నది 14 నెలలు. క్లే పిట్ నీటి పక్కనే కట్టాల, చిన్న మ్యాపుల్లో నీరుండి, మార్కెట్‌కు 40 గళ్ళ దూరముండి, రోడ్డు పడే చోటు దొరకడం కష్టం. అది తర్వాతి రిక్వెస్టుల కోసం కట్టుకోవచ్చు. ఇప్పుడు అక్కరకొచ్చేది స్టాక్‌పైలే, కాకపోతే దాన్ని నొక్కి వదిలేయకూడదు.

ఇండ్లలో కొంత సరుకు నిలవ ఉంటుంది, మార్కెట్‌లో కొంత ఉంటుంది. మార్కెట్ మీద రైట్ క్లిక్ చేసి కుండల అంకె చూడు. అది బాగా ఉన్నప్పుడు స్టాక్‌పైల్ ఆన్ చేయి. నెలకోసారి చూస్తా ఉండు. ఏదో ఒక మార్కెట్‌లో అంకె సున్నాకు వస్తున్నట్టుంటే ఆఫ్ చేయి. మార్కెట్ ఆడమనిషి బుట్టలు మోసే పిల్లల్ని వెంటబెట్టుకొని వేర్‌హౌస్ నుంచి తిరిగొస్తున్నది కనపడుతుంది. ఆమె మార్కెట్‌లోకి చేరినాక మళ్ళీ ఆన్. ఇట్ల చేస్తే ఇల్లు ఒక్కటి కూడా దిగదు. వేగం తగ్గించుకో, 100 శాతంలో పెట్టి ఇంకో పనిలో పడితే దాటిపోతుంది.

చిత్రావతి, అనంతపురం
ఆ లెక్కన అయితే సరే. ఇంకోటి, దిగుమతి. కుండలు అమ్మే ఊరితో దారి తెరిచి ఉంటే కొంత కొనుక్కోవచ్చు. ఏ ఊరైనా ఒక సరుకు సంవత్సరానికి ఇంతే అమ్ముతుంది: 15, 25 లేదా 40 బండ్లు. అయినా బిడారు వచ్చి ఉత్తచేతులతో పోతున్నదంటే కారణం ఇది: నీ దగ్గర స్టాకు ఒక మోస్తరుకు చేరితే దిగుమతి తనంతట తానే ఆగిపోతుంది. జనాభా తక్కువున్న ఊర్లలో ఆ హద్దు ఇంకా కింద ఉంటుంది. అందుకే స్టాకు తక్కువున్నప్పుడు కొని, పైది సొంతంగా తయారుచేసుకోవాల.

తుంగభద్ర, కర్నూలు
గోధుమల సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. గ్రానరీలో ఉన్నది చక్రవర్తికి లెక్క కాదు. ఆయనకు పోయే సరుకంతా వేర్‌హౌస్ నుంచే పోతుంది. ఒక బండి అంటే గ్రానరీ లెక్కలో 100. ఆయన అడిగిన 20 బండ్లంటే 2,000. ఒక్క గ్రానరీ నిండితే 2,400. అంటే ఇంచుమించు ఒక గ్రానరీ గోధుమలు వేర్‌హౌస్‌లో కనపడాల.

పొలం నుంచి బండి మామూలుగా గ్రానరీ వైపే పోతుంది. ట్రేడ్ అడ్వైజర్‌లో గోధుమలకు స్టాక్‌పైల్ పెడితే ఆ వరస మారుతుంది, బండి మొదట వేర్‌హౌస్ వెతుక్కుంటుంది. కుండల మాదిరి దీనికి భయపడాల్సింది లేదు, మార్కెట్ వాళ్ళు తిండి గ్రానరీ నుంచే తెస్తారు కాబట్టి వాళ్ళకు అడ్డం రాదు. కాకపోతే గ్రానరీలోకి కొత్త గోధుమలు రావు, ఉన్నవి తరుగుతా పోతాయి. కూరగాయలో మాంసమో ఇంకో రకం తిండి ఉంటే సరే, గోధుమ ఒక్కటే తిండైతే ప్రతి గ్రానరీని కనిపెట్టుకొని ఉండాల. 3,000 ఉన్నది 1,000కి వచ్చిందంటే స్టాక్‌పైల్ తీసేయి, నిండినాక మళ్ళీ పెట్టు.

పెట్టేముందు రెండు చూసుకో. గ్రానరీ స్పెషల్ ఆర్డర్స్‌లో గోధుమలు తెచ్చుకోమని పెట్టి ఉంటే మామూలుగా తీసుకోమని మార్చు, లేకపోతే స్టాక్‌పైల్ తీసేసినప్పుడు నువ్వు వేర్‌హౌస్‌లో వేసింది తిరిగి గ్రానరీకే పోతుంది. వేర్‌హౌస్‌లో గోధుమలకు 5 అరలు ఖాళీ ఉండాల, కుండలకు 5, మొత్తం 10. ఒక వేర్‌హౌస్‌కు ఉండేవి 8, ఉన్న రెండింట్లో మట్టి, కట్టె చేరి ఉన్నాయి కాబట్టి మూడో వేర్‌హౌస్ కట్టుకుంటే ఇరుకు ఉండదు. పనివాళ్ళు 6 మంది చాలు దానికి.

పెన్నఒడ్డు, కడప
ఇంత స్పష్టంగా ఎక్కడా దొరకలేదక్కా. మూడో వేర్‌హౌస్ ఇప్పుడే కడుతున్నా. ఒకవేళ గడువు దాటితే ఏమవుతుంది? మొత్తం పోయినట్టేనా?

బురుజుకింద, కర్నూలు
పోదు. మొదటి గడువు దాటగానే ఫేవర్ (నీ మీద చక్రవర్తికున్న మెప్పు, 100కు లెక్క) 3 పాయింట్లు తగ్గుతుంది, ఇంకో 24 నెలలు టైమిస్తాడు. ఆ లోపల పంపితే రావాల్సిన ఫేవర్‌లో సగం వస్తుంది. అదీ దాటితే ఇంకో 5 తగ్గి రిక్వెస్టు మూసేస్తారు. కాబట్టి చేతకాని రిక్వెస్టు కోసం ఊరిని పస్తుపెట్టొద్దు. ఫేవర్ 60లో ఉన్నోడికి ఒక రిక్వెస్టు పోతే ప్రాణం పోదు. ఫేవర్ 10కి పడిపోతేనే చక్రవర్తి సైన్యం ఊరి మీదికి వస్తుంది.

ఇంకో మాట, గడువు చూసేది నువ్వు పంపే రోజును. ఎఫ్3 ఇంపీరియల్ అడ్వైజర్‌లో రిక్వెస్టు వరస మీద క్లిక్ చేసి ఒప్పుకుంటే సరుకు అప్పుడే వేర్‌హౌస్ నుంచి పోతుంది. అందినట్టు కబురు తర్వాత ఒకటి నుంచి నాలుగు నెలలకు వస్తుంది, ఫేవర్ కూడా అప్పుడే పెరుగుతుంది. ఆఖరి నెలలో పంపినా గడువు లోపల పంపినట్టే.

చిత్రావతి, అనంతపురం
ఫేవర్ తగ్గితే పూడ్చుకునే దోవ కూడా రాసుకో. అదే ఎఫ్3లో జీతం చూడు. నీ పదవికి మించిన జీతం తీసుకుంటుంటే ఏటేటా ఫేవర్ కోతపడుతుంది. క్వీస్టర్ జీతం 12, ప్రొక్యూరేటర్ జీతం 20. పదవికి తగ్గట్టు పెట్టుకో, ఒక మెట్టు కింద పెట్టినా మంచిదే. కానుకలు నీ సొంత డబ్బుతో ఇస్తావు, ఊరి ఖజానాతో కాదు. సొంత డబ్బు ఎంత పెరిగితే కానుక ధర అంత పెరుగుతుంది. ఒకే సంవత్సరంలో రెండోసారి ఇస్తే ఫలితం తగ్గిపోతుంది, ఏడాదికొకటి ఇవ్వు.

పెన్నఒడ్డు, కడప
చివరిగా ఒకటి. దీని తర్వాత ఆయుధాలు, ఆ తర్వాత సైన్యం అడుగుతాడని విన్నా. వాటికి కూడా ఇట్లే స్టాక్‌పైల్ పెట్టొచ్చా?

తుంగభద్ర, కర్నూలు
ఆయుధాలతో జాగ్రత్త. వర్క్‌షాప్ నుంచి ఆయుధాలు మామూలుగా బ్యారక్స్‌కే (సైనికుల్ని తయారుచేసే చోటు) ముందు పోతాయి. స్టాక్‌పైల్ పెట్టినావంటే బ్యారక్స్‌కు ఒక్కటి కూడా పోదు, కొత్త లీజనరీలు (ఆయుధాలు కావాల్సిన కాలిబంట్లు) తయారు కారు. రెండు రిక్వెస్టులూ దగ్గర దగ్గరగా వస్తే ముందు లీజన్లు (సైనిక దళాలు) నింపుకో, ఒక్కో దాంట్లో 16 మంది. అవి నిండినాక స్టాక్‌పైల్ పెట్టి ఆయుధాలు పోగుచేయి.

సైన్యం పంపడానికి ఎఫ్2 మిలిటరీ అడ్వైజర్‌లో పంపదలచిన లీజన్‌కు ఎంపైర్ సర్వీస్ గుర్తు పెట్టాల, ఆ తర్వాత ఎఫ్3 నుంచి పంపాల. గుర్తు ఉన్నవన్నీ కట్టగట్టుకొని పోతాయి, ఒకటి ఊరి కాపలాకు కావాలంటే దాని గుర్తు ముందే తీసేయి. దూరపు యుద్ధంలో లీజనరీల విలువ ఎక్కువ, జావెలిన్ వాళ్ళు, గుర్రపు దళం అందులో సగమే. మిలిటరీ అకాడమీ కట్టి తర్ఫీదిస్తే ఇద్దరి బలమూ పెరుగుతుంది. సైన్యం నడిచి పోవడానికి నెలలు పడుతుంది కాబట్టి కబురు వచ్చిన నెలలోనే పంపేయి, శత్రువు ముందు చేరితే నీ వాళ్ళు పోయినా లాభం లేదు.

ఇంకొకటి. ఏ సంవత్సరంలో ఏ సరుకు అడుగుతాడో మ్యాపులోనే రాసిపెట్టి ఉంటుంది. నెల మారుతుంది, సంవత్సరం మారదు. ఈ మ్యాపు మళ్ళీ మొదలుపెడితే ప్రతి రిక్వెస్టు సంవత్సరం, సరుకు, బండ్ల లెక్క కాగితం మీద రాసుకో. కుండల ఎగుమతి అంకె అప్పుడు మొదటి రోజు నుంచే 25లో ఉండాల.