'యుద్ధము – శాంతి' కలిసి చదవడానికి ఏ అనువాదం? ఫ్రెంచి సంభాషణలు ఉంచినదా, తీసేసినదా?

మొగల్రాజపురం పాఠకుడు (విజయవాడ):

సంక్రాంతి తర్వాత మన పఠన బృందం టాల్‌స్టాయ్ 'యుద్ధము – శాంతి' మొదలుపెట్టాలని నిర్ణయించుకున్న సంగతి అందరికీ తెలిసిందే. పూర్తి తెలుగు ప్రతులు అందరికీ సరిపడా దొరకలేదు కనుక ఇంగ్లీషులో చదివి తెలుగులో చర్చించుకోవాలనీ, ఆదివారం ఉదయం కలిసినప్పుడు ముఖ్యమైన అధ్యాయాలను ఒకరు పైకి చదివితే తక్కినవారు పుస్తకంలో చూస్తూ వినాలనీ అనుకున్నాం. ఏ అనువాదమన్నది మాత్రం తేలలేదు. "ఎవరి దగ్గర ఏది ఉంటే అది తెచ్చుకుందాం" అని పోయిన సమావేశంలో కొందరన్నారు. దానికి నేను ఒప్పుకోలేకపోతున్నాను. చదివేవారి వాక్యం ఒకటి, వినేవారి కళ్ల ముందున్న వాక్యం మరొకటి అయితే కలిసి చదవడమన్న మాటకు అర్థం లేదు. పైగా అధ్యాయాల లెక్క కూడా అన్నింటిలో ఒకేలా ఉండదు. మూలంలో నాలుగు సంపుటాలు, ఒక ఉపసంహారం ఉన్నాయి. మాడ్ దంపతుల పాత ప్రతిలో అదే నవల పదిహేను పుస్తకాలుగా కనిపిస్తుంది. "మూడో సంపుటం, రెండో భాగం చదువుకుని రండి" అంటే సగం మంది వెతుక్కుంటూ కూర్చోవలసి వస్తుంది.

పరిశీలనకు వచ్చినవి ఇవి: కాన్‌స్టన్స్ గార్నెట్ (1904), లూయిజ్, ఐల్మర్ మాడ్ దంపతులు (1922–23), రోజ్‌మరీ ఎడ్మండ్స్ (1957), ఆంథొనీ బ్రిగ్స్ (2005), రిచర్డ్ పెవియర్, లరిస్సా వొలొఖాన్‌స్కీ (2007), మాడ్ అనువాదాన్నే ఎమీ మాండెల్కర్ సవరించిన 2010 నాటి ప్రతి. చివరిదాన్ని ఎంచుకుందామని నా ప్రతిపాదన. అందులో ఇంగ్లీషు సాఫీగా సాగుతుంది, అదే సమయంలో రష్యన్ మూలంలోని ఫ్రెంచి సంభాషణలు ఫ్రెంచిలోనే ఉండి వాటి అర్థం పుట అడుగున ఉంటుంది.

బ్రాడీపేట నుంచి, విశ్రాంత ఉపాధ్యాయిని (గుంటూరు):

అందరికీ ఒకే ప్రతి ఉండాలన్న మాట వరకు మీతో ఏకీభవిస్తున్నాను. ఫ్రెంచి విషయంలో మాత్రం ఏకీభవించలేను. ఈ నవల మొదలు కావడమే ఫ్రెంచితో మొదలవుతుంది. 1805 జూలైలో పీటర్స్‌బర్గులో ఆన్నా పావ్లొవ్నా షేరర్ తన ఇంటికి వచ్చిన ప్రిన్స్ వసీలీని పలకరించే ఆ పొడవాటి మాట దాదాపు అంతా ఫ్రెంచే. మనలో ఆ భాష వచ్చినవారు ఒక్కరూ లేరు. పైకి చదివేవారు మొదటి పుటలోనే ఆగి, తప్పో ఒప్పో ఏదో ఒకటి పలికి, కిందికి దిగి అర్థం చదివి, మళ్లీ పైకి వెళ్లాలి. కొత్తగా చేరిన పిల్లలు రెండో వారానికే మానేస్తారన్న భయం నాకుంది. ఏళ్ల తరబడి తరగతి గదిలో పైకి చదివించిన అనుభవంతో చెబుతున్నాను, వినేవారి ధ్యాస ఒకసారి తెగితే అతకడం కష్టం.

మరో సంగతి. రచయితే 1873 ముద్రణలో ఫ్రెంచి సంభాషణలను తీసి రష్యన్‌లో పెట్టాడు. మూలకర్తే వద్దనుకున్నదాన్ని మనం పట్టుకు వేలాడవలసిన పని లేదు. బ్రిగ్స్ ప్రతిలో అంతా ఇంగ్లీషులోనే ఉంది, భాష కూడా ఈ కాలపు భాష. నా ఓటు దానికే.

మొగల్రాజపురం పాఠకుడు:

మేడమ్ గారు లేవనెత్తిన 1873 ముద్రణ విషయం వాస్తవమే, కనుక దానికి వివరంగా సమాధానం చెప్పాలి. ఆ ముద్రణలో ఫ్రెంచి ఒక్కటే పోలేదు. యుద్ధం గురించీ చరిత్ర గురించీ రచయిత చేసిన తాత్విక చర్చను కూడా కథలోంచి తీసి చివర అనుబంధంగా పెట్టారు. ఆ ముద్రణే ప్రమాణమైతే ఆ చర్చను కూడా మనం కథ నుంచి వేరు చేయాలి. దానికి మేడమ్ గారు కూడా ఒప్పుకోరని నా నమ్మకం. 1886 ముద్రణ నాటికి ఫ్రెంచి తిరిగి నవలలోకి వచ్చింది. ఇవాళ రష్యాలో అమ్ముడయ్యే ప్రతుల్లోనూ ఫ్రెంచి అలాగే ఉంటుంది, రష్యన్ అర్థం అడుగున ఉంటుంది. అంటే అక్కడి బడిపిల్లలు కూడా మనలాగే కిందికి చూసుకుంటూ చదువుతున్నారు.

అయితే నా అసలు కారణం ముద్రణల చరిత్ర కాదు, కథే. 1805లో ఆ ప్రభువర్గం తన మాతృభాషకంటే శత్రుదేశపు భాషలో హాయిగా మాట్లాడుతుంది, అది కూడా నెపోలియన్‌ను తిట్టడానికి. ఏడేళ్లు గడుస్తాయి. 1812లో అదే నెపోలియన్ సేన మాస్కో మీదికి వస్తుంటే ప్రిన్స్ గొలీత్సిన్ రష్యన్ నేర్చుకోవడానికి గురువును పెట్టుకున్నాడనీ, వీధుల్లో ఫ్రెంచి మాట్లాడటం ప్రమాదంగా మారుతోందనీ రొస్తోవ్‌ల ఇంట్లో ఒకాయన చెబుతాడు. మాస్కో ప్రభువర్గానికి చెందిన జూలీ ఇంట్లో చేరినవారు ఫ్రెంచి మాట దొర్లితే జరిమానా కట్టాలని నియమం పెట్టుకుంటారు. ఆ సొమ్ము విరాళాల కమిటీకి పోతుంది. రష్యన్‌లోనే మాట్లాడినా వాక్యం ఫ్రెంచి పోకడ పోతే దానికీ జరిమానా వేయాలని అక్కడున్న ఒక రచయిత పట్టుబడతాడు. మొదటి పుట నుంచి అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుతూ వచ్చిన ప్రతిలో ఈ ఘట్టానికి వచ్చేసరికి, ఎప్పుడూ వినబడని భాషకు జరిమానా ఎందుకు వేస్తున్నారో పాఠకుడికి బుద్ధికి తెలుస్తుందేమో కానీ చెవికి తెలియదు.

ఇంకొకటి కూడా గమనించండి. నవలలోని ముఖ్యపాత్రల్లో ఒకడైన పియేర్, ప్రిన్స్ వసీలీ కూతురు ఎలెన్‌తో పెళ్లి మాట చెప్పే చోట, ఇలాంటి సమయంలో ఏదో ఒక మాట అనాలని గుర్తు తెచ్చుకుని "జ వూజెమ్" అంటాడు. ప్రేమిస్తున్నానన్న ఆ మాట ఎంత బలహీనంగా వినబడుతుందంటే, తన మీద తనకే సిగ్గు కలుగుతుంది. ఆ పెళ్లి ఎలా సాగబోతోందో అక్కడే తెలిసిపోతుంది. అది అతని గుండెలోంచి రాలేదు, విందుల్లో వాడే భాషలోంచి వచ్చింది. ఇంగ్లీషులోకి మార్చిన వెంటనే అది మామూలు ప్రేమ ప్రకటన అయిపోతుంది.

సత్యనారాయణపురం (విజయవాడ):

చర్చ బాగుంది, కానీ ఖర్చు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కొత్త ప్రతి అందరూ కొనలేరు, ముఖ్యంగా విద్యార్థులు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఒకటి రెండు ప్రతులు దొరకవచ్చు. ఒకే అనువాదం ఇంతమందికి సరిపడా అక్కడ దొరకడం జరగని పని. మాడ్ దంపతుల పాత అనువాదం అంతర్జాలంలో ఉచితంగా ఉంది, ఫోన్‌లో చదువుకోవచ్చు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. వారు టాల్‌స్టాయ్‌కి స్వయంగా తెలిసినవారు, ఆయన మెప్పు పొందినవారు. అంతకంటే ఏం కావాలి?

కొరిటెపాడు (గుంటూరు):

సత్యనారాయణపురం మిత్రులకు ఒక సవరణ. మాడ్ దంపతుల సామర్థ్యాన్ని టాల్‌స్టాయ్ మెచ్చుకున్న మాట నిజం, కానీ ఆయన 1910లోనే కాలం చేశారు. ఈ నవలకు వారి అనువాదం ఆ తర్వాత పన్నెండేళ్లకు వచ్చింది. ఈ పుస్తకానికి ఆయన ఆమోదముద్ర ఉందని చెప్పకూడదు. ఆ పాత ప్రతిలో పేర్లు కూడా ఇంగ్లీషువే: ఆంద్రేయ్ ఆండ్రూ అవుతాడు, నికొలాయ్ నికొలస్ అవుతాడు, మరియా మేరీ అవుతుంది. మాండెల్కర్ సవరణలో రష్యన్ పేర్లు తిరిగి వచ్చాయి. కనుక పాతది ఫోన్‌లో, సవరించినది చేతిలో అనుకున్నా పేర్ల దగ్గరే తికమక మొదలవుతుంది.

నేను పెవియర్, వొలొఖాన్‌స్కీ ప్రతిని కూడా పరిశీలించమని కోరుతున్నాను. ఫ్రెంచి అందులోనూ పూర్తిగా ఉంది. టాల్‌స్టాయ్ ఒకే మాటను మళ్లీ మళ్లీ వాడితే చాలామంది అనువాదకులు పర్యాయపదాలు వేసి నునుపు చేస్తారు; వీరు ఆ పునరుక్తిని అలాగే ఉంచుతారు. కొడుకు బొరీస్ సైనిక దుస్తులకు డబ్బు లేక ఆన్నా మిఖైలొవ్నా ఇబ్బంది పడుతుంటే, కౌంటెస్ రొస్తోవా భర్తనడిగి తెచ్చిన సొమ్ము ఆమె చేతిలో పెట్టే ఘట్టం చూడండి. ఇద్దరూ కన్నీళ్లు పెట్టుకుంటారు. స్నేహితులమైనందుకు, మంచివాళ్లమైనందుకు, చిన్ననాటి నేస్తాలం ఇప్పుడు డబ్బులాంటి నీచమైన విషయం గురించి ఆలోచించవలసి వచ్చినందుకు, తమ యౌవనం గడిచిపోయినందుకు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ కారణాల్లోనే దుఃఖం పెరుగుతూ పోతుంది, చివరికి ఆ కన్నీళ్లు ఇద్దరికీ హాయినిచ్చాయని రచయిత చెబుతాడు. హరికథలో పల్లవి తిరిగి వచ్చినట్టు వచ్చే ఇలాంటి పునరుక్తి మన చెవికి ఇంపుగానే ఉంటుంది. అయితే వారి ఇంగ్లీషు కొన్నిచోట్ల బిగుసుకుపోయినట్టుంటుంది. పైకి చదవడానికి మాడ్ వాక్యమే తేలిక. అది ఒప్పుకుంటున్నాను.

బ్రాడీపేట నుంచి, విశ్రాంత ఉపాధ్యాయిని:

జూలీ ఇంటి జరిమానా ఘట్టం గురించి మొగల్రాజపురం వారు చెప్పినదానికి నా దగ్గర సమాధానం లేదు. బ్రిగ్స్ ప్రతిలో ఆ ఒక్క చోట నష్టం ఉందని అంగీకరిస్తున్నాను. పియేర్ మాట విషయంలో మాత్రం నాకు ఇంకా సందేహమే. ఆ మాట బలహీనంగా వినబడిందని, అతనికి సిగ్గేసిందని రచయితే చెబుతున్నాడు కదా. ఏ భాషలో ఉన్నా పాఠకుడికి అది అందుతుంది.

మాండెల్కర్ సవరణకు నేను ఒప్పుకుంటాను, ఒక షరతుతో. పైకి చదివేవారు ఫ్రెంచి వాక్యాన్ని పలకకూడదు. "ఇక్కడి నుంచి ఫ్రెంచి" అని ఒక్క మాట చెప్పి, అడుగున ఉన్న అర్థాన్ని వాక్యం మధ్యలోనే చదివేయాలి. ఎవరు ఎప్పుడు ఏ భాషలోకి మారుతున్నారో వినేవారికి తెలుస్తుంది, ధ్యాసా తెగదు. కొనలేని విద్యార్థులకు ప్రతులు మనలో ఉద్యోగాలు, పింఛన్లు ఉన్నవారం కలిసి కొనిద్దాం; వాటిని ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వాలి. రష్యన్ పేర్లు, ముద్దు పేర్లు, చుట్టరికాలతో ఒక పట్టిక తెలుగు లిపిలో నేను రాసి తెస్తాను, కొరిటెపాడు వారు దాన్ని సరిచూడాలి. ఉపసంహారం రెండో భాగంలో కథ లేదు కనుక దాన్ని వదిలేద్దామన్న మాట సమావేశంలో ఒకరు అన్నారు. దానికి మాత్రం నేను ఒప్పుకోను.