అక్క బయాప్సీలో ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా వచ్చింది. ఏ ప్రొటీన్ చూస్తే క్యాన్సర్ అవుతుందో లేదో తెలుస్తుంది?

పెన్నాఒడ్డు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. మా అక్కకు 47 ఏండ్లు. గడ్డేమీ చేతికి తగల్లేదు, నొప్పి కూడా లేదు. మా చిన్నాయన కూతురికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని భయపడి తనూ మామోగ్రామ్ తీయించుకునింది. ఎడమవైపు సున్నపు చుక్కలు గుంపుగా ఉన్నాయి, బైరాడ్స్ 4బీ, అంటే ఓ మోస్తరు అనుమానం, అని రాసినారు. కర్నూలుకు పోతే సూదితో ముక్కలు తీసి పరీక్షకు పంపినారు. రిపోర్టు ఇట్లుంది:

ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా, రెండు చోట్ల. ఈఆర్ అంతటా గట్టిగా పాజిటివ్. సీకే5/6 నెగటివ్. పీ63 పొర చెక్కుచెదరలేదు. కీ-67 6 శాతం.

డాక్టరమ్మ "పాలనాళాల లోపల కణాలు వింతగా పెరిగినాయి, ఇది క్యాన్సర్ కాదు, కానీ ఆ భాగం తీసి చూడాల" అనింది. క్యాన్సర్ కానప్పుడు కోత దేనికని అక్క మొండికేసింది. బెంగళూరులో ఉండే మేనల్లుడు ఎక్కడో చదివి, పీ16, కాక్స్-2 అనే ప్రొటీన్లు చూస్తే ముందే తెలిసిపోతుందంట మామా అన్నాడు. ఒక ల్యాబులో అడిగితే రెండింటికీ 5,000 అన్నారు. ఈలోపల ఇంకోచోట సీఏ 15-3 రక్తపరీక్ష చేసి నార్మల్ అని కాగితం ఇచ్చినారు. అది చూసినకాడ్నుంచి మా బావ ఏమీ లేదులే అని నిమ్మళంగా కూర్చున్నాడు.

ఆ 5,000 పెట్టొచ్చా? ఆ పరీక్షలో బాగుందని వస్తే కోత తప్పుతుందా?

జొన్నరొట్టె (అనంతపురం)

రక్తంలో క్యాన్సర్ మార్కర్ నార్మల్ అంటే ఇంక భయమేమప్పా. ఆర్నెల్లకోసారి అదే చేయించుకుంటా పోండి. డాక్టర్లు ఊరికే కోతంటారు.

స్లైడుట్రే (కర్నూలు)

జొన్నరొట్టె గారూ, కోపం చేసుకోవద్దు గానీ ఆ మాట ఇంకెవరికీ చెప్పొద్దు. సీఏ 15-3 అనేది జబ్బు ఒళ్లంతా పాకినవాళ్లలో మందు పనిచేస్తోందా లేదా అని చూసుకోడానికి పనికొచ్చే పరీక్ష. తొలిదశలో నిజంగా క్యాన్సర్ ఉన్నా ఎక్కువమందిలో అది నార్మల్‌గానే ఉంటుంది. తమ్ముడూ, ముందు మీ బావ చేతిలోని ఆ కాగితం తీసి పక్కన పెట్టండి.

నేను హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు. మైక్రోస్కోపులో చూసి తీర్పు చెప్పేది పాథాలజిస్టు, ఆ స్లైడుకు రంగు పట్టించేది నేను. ఆ లెక్కనే నా మాట తీసుకోండి.

మీ రిపోర్టులోని మార్కర్లన్నీ ఇప్పుడున్నది ఏంటి అని తేల్చడానికి వేసినవి. రేపేమవుతుందనే జోస్యం వాటిని అడిగి లాభం లేదు. మేం వేసే రంగులో ప్రొటీన్ ఉన్నచోట గోధుమ, లేనిచోట నీలం కనిపిస్తుంది. సీకే5/6 చూడండి. మామూలు హైపర్‌ప్లేసియా అయితే నాళం లోపల కొన్ని కణాలు గోధుమరంగు, కొన్ని నీలం, కలగాపులగంగా కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ రకరకాల కణాలున్నాయి. నెగటివ్ అన్నారంటే లోపలంతా ఒకటే నీలం, అంతా ఒకే జాతి కణాలు. ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోను పట్టుకునే రిసెప్టార్) వేసేసరికి కథ తిరగబడుతుంది, లోపలున్న ప్రతి కేంద్రకమూ ముదురు గోధుమ. ఈ రెండూ కలిస్తేనే పాథాలజిస్టుకు ఎటిపికల్ అని రాసే ధైర్యం వస్తుంది. పీ63 నాళం చుట్టూ ఉండే మయోఎపితీలియల్ కణాలకు పడుతుంది. అంచు వెంబడి గోధుమ చుక్కలు వరసగా ఉన్నాయంటే లోపలి కణాలు గోడ దాటి బయటికి రాలేదు. అది మంచి సంగతే.

చిక్కు ఎక్కడుందంటే, తక్కువ గ్రేడు డీసీఐఎస్, అంటే నాళం దాటని క్యాన్సర్, అదీ ఇదే రంగులు చూపిస్తుంది. ఈఆర్ గోధుమ, సీకే5/6 నీలం, పీ63 చుట్టూరా. కణాలూ అవే. తేడా చాలావరకు కొలతలో ఉంది. 2 మిల్లీమీటర్లలోపు, లేదా రెండు నాళాలు పూర్తిగా నిండకుండా ఉంటే ఎటిపియా, అంటే మీ రిపోర్టులో రాసిన ఎటిపికల్. అంతకు మించితే డీసీఐఎస్. సూదికి చిక్కిన ముక్క దారప్పోగంత ఉంటుంది. పక్కన మిగిలిపోయింది ఎంతో దాన్ని చూసి ఎవరు చెప్పగలరు? అందుకే డాక్టరమ్మ తీసి చూడాల అనింది. ఏ ప్రొటీనూ ఆ కొలతకు బదులు కాదు.

ఇక మీ మేనల్లుడు చదివింది అబద్ధం కాదు. పీ16 కణ విభజనను ఆపే ప్రొటీన్. కీ-67 ఎన్ని కణాలు విభజన అవుతున్నాయో చెప్పే ప్రొటీన్. పీ16 ఎక్కువుండి కీ-67 తక్కువుంటే బ్రేకు పట్టినట్టు. పీ16 ఎక్కువుండి, కీ-67 కూడా ఎక్కువగా ఉంటే మాత్రం బ్రేకు తొక్కుతున్నా ఆగని లారీ అనుకోండి, లోపల లింకు తెగింది. శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2010లో 1,162 మంది డీసీఐఎస్ ఆడవాళ్ల మీద ఈ లెక్క వేసినారు. అందరూ గడ్డవరకే తీయించుకున్నవాళ్లు. గడ్డ చేతికి తగిలి బయటపడ్డవాళ్లు, లేదంటే పీ16, కాక్స్-2 (వాపుకు సంబంధించిన ప్రొటీన్), కీ-67 మూడూ పాజిటివ్ అయినవాళ్లు ఒక గుంపు. వాళ్లలో 8 ఏళ్లలోపు గోడ దాటిన క్యాన్సర్ 100కు 20 మందికి వచ్చింది. అన్నిటికన్నా తక్కువ ముప్పున్న గుంపులో 100కు 4.

బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ ముప్పు గుంపులో కూడా 80 మందికి రాలేదు, తక్కువ ముప్పన్న వాళ్లలో నలుగురికి వచ్చింది. పైగా అది డీసీఐఎస్ మీద చేసిన పని, మీ అక్కది అంతకన్నా వెనకటి మెట్టు. మరి ల్యాబువాళ్లు సరే చేస్తామని ఎట్లన్నారంటారా? పీ16 యాంటీబాడీ ల్యాబుల్లో గర్భాశయ ముఖద్వారం కేసులకూ, గొంతు కేసులకూ వాడతారు, సీసా ఫ్రిజ్‌లో రెడీగానే ఉంటుంది. రొమ్ములో ఎటిపియాకు ఎంత శాతం రంగు పడితే పాజిటివ్ అనాలో అందరూ ఒప్పుకున్న గీత లేదు. మీకు ఒక అంకె ఇస్తారు, దాన్ని పట్టుకుని ఏ సర్జనూ కోత మానడు. నేనైతే ఆ 5,000 పెట్టను.

ఇంకోటి చెప్పాల. ఎటిపియా ఎన్ని చోట్ల ఉందనేది రంగులేవీ అక్కర్లేని మామూలు స్లైడు మీదే లెక్కపెట్టొచ్చు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు వందలమందిని ఏళ్లతరబడి గమనించి చెప్పింది ఇది: చోట్లు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. మొత్తంమీద ఎటిపియా ఉన్నవాళ్లలో 25 ఏళ్లకు 100లో 30 మందికి క్యాన్సర్ వస్తుంది, అదీ రెండు వైపుల్లో ఏదైనా కావచ్చు. కుడివైపు వచ్చేదాన్ని ఎడమవైపు ముక్కలోని ప్రొటీన్ ఏం చెప్తుంది చెప్పండి.

పనిలో పని, నా గోడు ఒకటి. ముక్కను 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాల. తీసిన గంటలోపలే వేయాల. కొన్ని నర్సింగ్‌హోమ్‌ల నుంచి ఉత్త సెలైన్‌లో వేసి, ఎండలో బస్సులో పంపిస్తారు. దాని మీద ఈఆర్ వేస్తే పడాల్సిన రంగు కూడా పడదు. ఆపరేషన్ అయితే ముక్క దేంట్లో వేసినారో అడగండి, సిగ్గుపడొద్దు.

పెన్నాఒడ్డు

అక్కా, చాలా థ్యాంక్స్. బావకు మీ మెసేజ్ చదివి వినిపించినా, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తీసి చూస్తే ఏమీ లేదని వస్తే ఇంక మర్చిపోవచ్చా? ఆ కోత కూడా లేకుండా ఊరికే చూసుకుంటూ ఉంటే చాలదా అని మేనల్లుడు మళ్లీ ఎత్తుకున్నాడు, అమెరికాలో అట్ల చేస్తున్నారంట.

కత్తెరపీట (కడప, సర్జరీ పీజీ)

మీ మేనల్లుడు చెప్పేది కామెట్ ట్రయల్ అయ్యుంటుంది. ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. తక్కువ ముప్పున్న డీసీఐఎస్‌లో వెంటనే ఆపరేషన్ దారిలో పెట్టినవాళ్లలో రెండేళ్లకు గోడ దాటిన క్యాన్సర్ 5.9 శాతం, గమనిస్తూ ఉన్నవాళ్లలో 4.2 శాతం. ఆశాజనకమే, కానీ రెండేళ్లు చిన్న గడువు. పైగా వాళ్లు బాగా వడపోసి ఎంచుకున్నవాళ్లు. సూదిముక్కలో ఎటిపియా వచ్చి తర్వాత ఆ భాగం తీసి చూస్తే, 100లో 10 నుంచి 30 మందికి అంతకన్నా పెద్దది బయటపడుతుంది. ఒక్కో ఆసుపత్రి లెక్క ఒక్కో రకం. సున్నపు చుక్కలన్నీ బయాప్సీలోనే వచ్చేసి, ఎటిపియా చిన్నదిగా ఉంటే కొందరిని గమనిస్తూ ఉండొచ్చు. మీ అక్క విషయంలో చుక్కలు ఇంకా మిగిలున్నాయా అని డాక్టరమ్మను అడగండి.

తీసినాక ఏమీ రాకపోయినా మర్చిపోకూడదు. ఏటా మామోగ్రామ్ ఉండాలి. ఈఆర్ గట్టిగా పాజిటివ్ అన్నారు కదా, అది అక్కరకొచ్చేది ఇక్కడే, ముప్పు తగ్గించడానికి ఇచ్చే టమోక్సిఫెన్ అనే మాత్ర పట్టుకునేది ఆ రిసెప్టార్‌నే. ఇటలీలో 500 మంది మీద రోజుకు 5 మిల్లీగ్రాములే మూడేళ్లు ఇచ్చి చూశారు. వాళ్లలో ఎటిపియా వాళ్లూ ఉన్నారు. ఐదేళ్లు దాటాక ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వైపు 28 మందికి క్యాన్సరో డీసీఐఎస్సో వస్తే, మందు వైపు 14 మందికి వచ్చింది. మామూలు మోతాదు 20 మిల్లీగ్రాములు, దాంతో వేడి ఆవిర్లు ఎక్కువ. రక్తం గడ్డకట్టే జబ్బు ఇంతకుముందు ఉంటే మొదటే చెప్పాలి. మీ చిన్నాన్న కూతురికి ఎన్నో ఏట వచ్చిందో కూడా చెప్పండి, చిన్న వయసైతే జన్యు పరీక్ష మాట వస్తుంది.

పెన్నాఒడ్డు

ఆమెకు 38లో వచ్చింది సార్. తప్పకుండా చెప్తా. ఇంకొకటి, ఆపరేషన్‌కు ముందు తిరుపతిలో ఇంకో పాథాలజిస్టుకు చూపించాలంటే ల్యాబువాళ్లు ముక్క ఇస్తారా?

స్లైడుట్రే (కర్నూలు)

ఇస్తారు. అడిగేటప్పుడు స్లైడులు ఒక్కటే కాదు, ముక్కను పొదిగిన మైనం బ్లాకులు కూడా కావాలని తెల్లకాగితం మీద రాసివ్వండి. రిపోర్టు పైన ఉండే బయాప్సీ నంబరు, పేషెంటు సంతకం, మీ ఆధార్ జిరాక్స్ తీసుకుపోండి. ఏమేం ఇచ్చినారో వాళ్ల రిజిస్టర్లో రాయించుకోండి, తిరిగిచ్చేటప్పుడు గొడవ రాదు. ఈఆర్, సీకే5/6, పీ63 వేసిన స్లైడులు కూడా అడగండి, లేకపోతే అక్కడ మళ్లీ వేసి మళ్లీ డబ్బులడుగుతారు. బ్లాకులను మాత్రం బండి డిక్కీలో పెట్టొద్దు తమ్ముడూ, మన ఎండకు మైనం మెత్తబడిపోతుంది. చేతిసంచిలో పెట్టుకుని పోండి.