కంఠంలో ‘నిలిపె’నా, ‘మ్రింగె’నా?

ప్రశ్న: పోతన గారి క్షీరసాగర మథనంలో, శివుడు విషాన్ని కంఠంలో ఉంచుకున్న పద్యంలో ఒక పాదం రెండు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. ‘గంఠబిలమునఁ బదిలంబుగ’ తర్వాత ‘నిలిపె’నా, ‘మ్రింగె’నా? మా అమ్మాయి మైక్రోబయాలజీ చదువుతోంది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటిబయాటిక్ మందును తయారుచేసే మట్టి బాక్టీరియా, స్ట్రెప్టోమైసెస్ గ్రిసియస్, ఆ మందుకు తానే ఎందుకు చావదని అడిగాను. కణం లోపల ఉన్నంతసేపూ ఒక ఎంజైమ్ ఆ మందుకు ఫాస్ఫేటు తగిలించి, పనిచేయకుండా ఉంచుతుందట, గడప దాటాక ఇంకో ఎంజైమ్ ఊడదీస్తుందట. వినగానే ఈ పాదం నోటికొచ్చింది, సగమే.

తెలుగు మాస్టారు: ‘నిలిపె’. ‘మ్రింగె’ పెట్టినా గణాలు సరిపోతాయి, అందుకే నోరు జారుతుంది. కానీ ఉదరం లోకాలకు ఇల్లని అప్పుడే చెప్పిన కవి మింగించడు. ‘మ్రింగుమనె’ అంతకు ముందు సర్వమంగళ పద్యంలోది. మీకు రెండూ కలిసిపోయాయి.

గుంటూరు నుంచి: నన్ను పట్టుకున్నది అదే పద్యంలో విషం గురించి అన్న ‘కుదురుకొన’, మాస్టారూ. కుండ దొర్లకుండా కింద వేసే ఎండుగడ్డి చుట్టే కదా కుదురు! మా అమ్మమ్మ దాన్ని రోజూ సరిచేసి మరీ కుండ దించేది. విషం కంఠంలో అలా కూర్చుందన్నమాట. ఆ ఫాస్ఫేటూ కుదురే.

తెలుగు మాస్టారు: కుదురుకొను అంటే స్థిరపడటం. కుండ దాకా వెళ్లక్కర్లేదు.

గుంటూరు నుంచి: స్థిరపడటమనే అర్థమే కుండ కింది కుదురు నుంచి వచ్చిందేమో, చూడండి.

ల్యాబ్‌లో పనిచేస్తాను: పోలిక ఒకచోట తెగుతుంది. శివుడిది బయటి విషం, గ్రిసియస్‌ది సొంత సరుకు. నియోమైసిన్ అనే ఇంకో యాంటిబయాటిక్ చేసే దాని చుట్టం స్ట్రెప్టోమైసెస్ ఫ్రేడియే అయితే రెండు ఎంజైములు పెట్టుకుంది, ఒకటి ఫాస్ఫేటు తగిలిస్తే ఇంకొకటి ఎసిటైల్ అనే వేరే రసాయన తోకను తగిలిస్తుంది. మందులకు లొంగని రోగక్రిముల్లోని ఎంజైములు వీటిని పోలి ఉన్నాయనీ, మూలం ఈ మట్టి జీవులే కావచ్చనీ 1973లో బెన్‌వెనిస్ట్, డేవిస్ అనే శాస్త్రవేత్తలు రాశారు.
ఇంకోటి. ఊడిన ఫాస్ఫేటును కొలవడానికి 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇచ్చిన పద్ధతి ఉంది. ఫాస్ఫేటు ఉంటే గొట్టంలో నీలం తేలుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నీలకంఠుడే గుర్తొచ్చాడు.

తెలుగు మాస్టారు: ఆ నీలాన్ని పోతన గారు కంఠానికి తొడవు, అంటే నగ, అన్నారు. ఆ పద్యం పెడతాను, ఉండండి.

గుంటూరు నుంచి: పెట్టండి. కుదురు సంగతి మాత్రం నేను వదల్లేదు. మీ వైపు దాన్ని ఏమంటారో మిగతావాళ్లూ చెప్పండి.