పాత బాంబర్ చక్రాలు నేలమీదికి దిగినాక ఎందుకు ముడుచుకుంటాయి?

ప్రశ్న (తాడిపత్రి):
అన్నా, రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-17 బాంబర్ విమానం వీడియో ఒకటి చూసినా. రన్‌వేమీద బాగానే దిగింది. కొంచెం దూరం పోయినాక ఒక పక్క చక్రం ముడుచుకుపోయి, రెక్క నేలకు రాసుకునింది. 80 ఏళ్ల బండి కదా, ఆయిల్ ప్రెషర్ పోయింటాదని మావోడు అంటాడు. నిజమేనా?

జవాబు (కడప, హైడ్రాలిక్ జాకీల షాపు):
మీవోడు బీ-17 గేరు, అంటే చక్రాల అమరిక, చూసినట్టు లేదు. దాంట్లో చక్రాలెత్తేదానికి ఆయిలే లేదప్పా. పక్కకొక కరెంటు మోటారు, అది పొడుగాటి స్క్రూను తిప్పుతాది. మోటారు మొరాయిస్తే చేత్తో తిప్పే హ్యాండిలుంది. ఆయిలంతా బ్రేకులకు, ఇంజన్ కౌల్ ఫ్లాపులకు (ఇంజన్ చల్లబడేదానికి గాలి వదిలే రేకు తలుపులు). ఆయిల్‌తో ఎత్తేది ఆ కాలం బాంబర్లే అయిన బీ-24 లిబరేటర్, లాంకాస్టర్. లాంకాస్టర్‌లో ఆయిల్ పోతే గాలి ప్రెషర్‌తో దించేటట్టు పెట్టినారు.

ఏదైనా సరే, మోటారూ ఆయిలూ చక్రాన్ని కిందికి తెచ్చేవరకే. నేల తగిలినాక బరువు మోసేది ఊతకడ్డీ, దాని లాకు. టిప్పర్ తొట్టి ఎత్తినాక కింద దూరాలంటే జాకీని నమ్ముతామా, ఊత పెట్టుకుంటాం కదా, అదే లెక్క. పిన్ను అరిగి లాకు సగమే పట్టిందనుకో, దిగేటప్పుడు నిలుస్తాది. బ్రేకు వేసినప్పుడో, పక్కకు తిప్పినప్పుడో జారిపోతాది. చక్రం దిగి లాకు పడిందని పైలట్‌కు చూపే పచ్చలైటు వెలిగింది కదా అంటావు. ఆ లైటు చెప్పేది స్విచ్చి నొక్కుకుందని మాత్రమే.

ఇంగొకటి, పగుళ్లు. మా షాపులో పిన్నుకు ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్లపొడి కొడతాం. వెంట్రుకంత పగులున్నా ఎర్రగీత ఊరుకుంటా పైకొస్తాది. కంటికి నున్నగా కనపడిన పిన్నే అది!

జవాబు (కర్నూలు):
లిబరేటర్లు మనోళ్లూ నడిపినారు. యుద్ధం అయినాక కాన్పూరులో పాడుబెట్టి పోయినవాటిని 1948 నుంచి బాగుచేసి, ఎయిర్‌ఫోర్సు 1968 దాకా వాడింది. ఆ విమానంలో చక్రాలు బయటివైపు రెక్క కిందికి పోతాయి. దిగేముందు పక్క కిటికీలోంచి చూసి లాకు పడిందో లేదో చెప్పేవాళ్లు.

ప్రశ్న వేసినాయన:
ఒక చక్రం దిగి ఇంగొకటి దిగకుంటే?

జవాబు (కడప):
ఒంటిచక్రంతో దిగితే విమానం గిర్రున తిరుగుతాది. రెండూ ఎత్తేసి పొట్టమీద దించడమే మేలు. బీ-17కు చక్రాలు ముడిచినా కొంచెం బయటే ఉంటాయి, అవే కొంత కాపాడతాయి. కింద వేలాడే గన్ను డోము మాత్రం నజ్జే.