ప్రార్థనకి కూర్చుంటే మాట రావట్లేదు, ఏం చేయాలి?

అందరికీ వందనాలండి. నాన్నగారు పోయినప్పటి నుంచి నాకు ప్రార్థన సాగట్లేదు. పొద్దున 5 గంటలకి మోకరిస్తా, "తండ్రీ" అనగానే అసలు వింటున్నాడా అని డౌట్ వచ్చేసి నోరు ఆగిపోతుంది, మందిరంలో అందరితో పాడేటప్పుడు బానే ఉంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడే ఇలా. ఉపవాసం ఉన్నా. పాస్టర్ గారేమో ఇంకా ప్రార్థించు అన్నారు (అదే రావట్లేదు మొర్రో అంటే!). బైబిల్లో కీర్తనలు 13 చదివితే 5వ వచనానికల్లా మొర కాస్తా ఆనందంగా మారిపోతుంది, నాకు ఆ మలుపు రావట్లేదు, 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది కాబట్టి అదే దగ్గరగా అనిపించి పైకి చదువుతున్నా, కానీ పుస్తకం మూయగానే మళ్ళీ మామూలే. విశ్వాసం వదిలేయాలని మాత్రం లేదు. ఇలాంటి దశ దాటినవాళ్ళు, సొంత మాటలు రానన్నాళ్ళు ప్రార్థన టైమ్‌లో రోజూ ఏం చేశారు?