మాయా గుళ్ళు సరే, వాళ్ళ ఇళ్ళు ఎక్కడ చూడాలి?

డాలస్_డైరీ: డిసెంబర్‌లో అమ్మానాన్నలతో మెక్సికోలో కాన్‌కూన్ వెళ్తున్నాం, అక్కడి ప్రాచీన మాయా జాతి వాళ్ళు కట్టిన పాత నగరం చిచెన్ ఇట్సా ఖాయం. నాన్న ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేశాడు, ఫొటోలు చూపిస్తే "గుళ్ళు బానే ఉన్నాయి, జనం ఎక్కడ ఉండేవాళ్ళురా" అంటున్నాడు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రాతిమెట్లు: లాస్ట్ ఇయర్ వెళ్ళాం అండీ. అక్కడి పెద్ద పిరమిడ్ ఎక్కనివ్వరు. ఒక్కో వైపు 91 మెట్లు, పైన గుడి గడపతో కలిపి 365 అవుతాయి. మెట్లకి ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే పిట్ట కూసినట్టు తిరిగొస్తుంది, మా పిల్లాడు అక్కడి నుంచి కదల్లేదు. దాని లోపల ఇంకో పాత పిరమిడ్ ఉందట, కూల్చకుండా దాని మీదే కట్టేశారు.

మెరిడా_ట్రిప్: ఇళ్ళు కావాలంటే ఉష్మల్ అనే ఇంకో మాయా పాత నగరానికి వెళ్ళండి, మెరిడా సిటీ నుంచి 80 కిలోమీటర్లు. నన్నరీ (సన్యాసినుల మఠం) అని స్పానిష్ వాళ్ళు పేరు పెట్టిన కట్టడం ఉంది, దక్షిణం వైపు గుమ్మాల పైన రాతిలో బుల్లి పూరిళ్ళు చెక్కారు! లోపలికెళ్ళి తలెత్తి చూడండి, రాళ్ళు ఒక్కో వరసా కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పైన కలిపేశారు, అచ్చం తాటాకు ఇంటి కప్పులాగే ఉంటుంది, కానీ అలా కడితే గది వెడల్పు పెంచలేం కదా, అందుకే గోడలు అంత మందం, గదులు అంత ఇరుకు.

మట్టిగోడ: మామూలు జనం ఇళ్ళంటే ఎల్ సాల్వడార్‌ దేశంలో హోయా దె సెరెన్ అనే పాత మాయా ఊరు. సుమారు 1400 ఏళ్ళ కింద అగ్నిపర్వతం బూడిదలో ఊరు మునిగింది, 1976లో బుల్డోజర్ తవ్వుతుంటే బయటపడింది. కర్రలతో దడి కట్టి మట్టి మెత్తిన గోడలు, పడుకోడానికి ఒక గది, వంటకి వేరే, సామానుకి వేరే. కుండల్లో చిక్కుడు గింజలు అలాగే ఉన్నాయి. ఊరందరికీ కలిపి మట్టి గుమ్మటంతో ఆవిరి స్నానాల గది కూడా ఉంది. శవాలు మాత్రం దొరకలేదు, అందరూ పారిపోయారనే అనుకుంటున్నారు, నాకైతే అది చదివాక మనసు తేలికపడింది.

గానుగ_సున్నం: మేస్త్రీ గారికి ఇది చెప్పండి. మనవాళ్ళు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపినట్టే మాయావాళ్ళు చెట్టు బెరడు రసం కలిపేవాళ్ళు, హోండురాస్ దేశంలో కోపాన్ అనే వాళ్ళ పాత నగరంలో గచ్చు పరీక్షిస్తే 2023లో తేలింది. మా తాతగారి ఇల్లు రిపేర్ చేయించినప్పుడు ఆ కరక్కాయ పని దగ్గరుండి చూశాను, అందుకే ఆ వార్త మర్చిపోలేను.

డాలస్_డైరీ: చదివి వినిపించా, బెరడు రసం దగ్గర రెండుసార్లు చదివించుకున్నాడు. ఉష్మల్ ఫిక్స్. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అక్కడ నడక ఎంత ఉంటుందండీ?